ప్రపంచ పరీక్ష వచ్చిన సుగ్గి

జాబితాలో నా కూతురి పేరు లేదు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశాను. నలభై పేర్లున్నాయి. లెక్కల్లో నూటికి ముప్పై దాటనివాళ్లున్నారు, వారానికి మూడు రోజులు మాత్రమే బడి మొహం చూసేవాళ్లున్నారు. మూడేళ్లుగా బడిలో మొదటి ర్యాంకు తెచ్చుకుంటున్న నా తనూజ మాత్రం లేదు. పదిహేడో పేరు తనూజ క్లాసులోనే చదివే జీవితది.

"ఇది మెరిట్ లిస్టు కాదమ్మా లక్ష్మీప్రియా," అన్నాడు హెడ్మాస్టరు తిమ్మయ్య సారు, నా మొహం చూసి. "లాటరీ. మన బడిలో పదైదేండ్ల పిల్లోల్ల పేర్లన్నీ పంపిస్తిమి గదా, దాంట్లోనించి కంప్యూటరు నలభై మందిని ఎత్తినాది. అంతే."

నాకు తెలుసు. ఆ బడిలో లెక్కల టీచర్ని నేనే, ఆ పేర్లు ఎక్కించి పంపింది కూడా నేనే. డెబ్బై దేశాల పిల్లలు తాము చదివినదాన్ని ఎంతవరకు వాడుకోగలుగుతున్నారో ఒకే కొలతతో కొలిచి, దేశానికీ దేశానికీ పోల్చి చూసే అధ్యయనం అది. ఆలూరు పక్కనున్న మా బడి కూడా అందులోకి లాటరీలోనే వచ్చింది. పిల్లలకు మార్కులు చెప్పరు, ర్యాంకులివ్వరు, ఏ పిల్ల ఎలా రాసిందో ఎవరికీ తెలియదు. ఇన్ని తెలిసినా నా కడుపులో మంట చల్లారలేదు.

"తనూజ పేరు దాంట్లో వేస్తే ఏమైతాది సారూ? ఈ నలభైలో సగం మంది సుగ్గికి పోయేటోల్లే గదా."

ఆ మాటకు సారు తల గోక్కున్నాడు. పత్తి తీతలు అయిపోగానే మా పడమటి ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. తలుపులకు తాళాలేసి, గిన్నెలూ దుప్పట్లూ మూట కట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్ని మావాళ్లు సుగ్గి అంటారు. ఉగాదికి గానీ తిరిగిరారు. వెంట పోయిన పిల్లల్లో చాలామంది మళ్లీ బడి గడప తొక్కరు. సారు నా ముందే కర్నూలులో ఆ అధ్యయనం చూసే ఆఫీసుకు ఫోన్ చేశాడు. పేరు మార్చడానికి వీల్లేదన్నారు. నూటికి ఎనభై ఐదు మంది పరీక్ష రోజున కూర్చోకపోతే బడి మొత్తాన్నీ లెక్కలోంచి తీసేస్తామన్నారు.

మేం చేసిన తప్పల్లా ఆ జాబితాను నోటీసు బోర్డు మీద అంటించడం. పేర్లు గోడకెక్కితే అది గొప్పే అని మా ఊళ్లో లెక్క. రెండు రోజుల్లో ఊరంతా "ప్రపంచ పరీక్షకు సెలెక్ట్ అయినోల్లు" అనే మాట పాకిపోయింది. సర్పంచు నలభై శాలువాలు తెప్పించి, బడి ఆవరణలో షామియానా వేయించి, ఒక్కొక్కరి భుజాన కప్పాడు. చర్చిలో పాస్టరు తమ పిల్లలు పదకొండు మందినీ ముందు వరుసలో నిలబెట్టి ప్రార్థన చేయించాడట. శాలువా జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఫొటోకు నిలబడిన జీవితను నేను కళ్లలో నిప్పులు పోసుకుని చూశాను. పక్కనే తనూజ చప్పట్లు కొడుతోంది.

మర్నాడు జీవిత తల్లి ఏసుమణి స్టీలు డబ్బాలో కజ్జికాయలు పెట్టుకుని మా ఇంటికొచ్చింది. మా పక్క పత్తి తీసే కూలీల్లో ఆమెను మించిన చేయి లేదు.

"మా పాప సెలెక్ట్ అయినాదంట గదా మేడం. జపానోల్లు, జర్మనీయోల్లు రాసే పరీక్షంట. పాస్టరయ్య చెప్పినాడు."

"సెలెక్షన్ కాదు ఏసుమణీ. చీటీ తీసినట్ల తీసినారు. బాగా సదివేటోల్లని కాదు."

ఆమె మొహం కాస్త చిన్నబోయింది. చీరకొంగుతో డబ్బా మూత తుడిచింది.

"చీటీలో వచ్చినా దేవుడు చూపిచ్చినట్లే గదా మేడం," అంది.

నేను చెప్పింది నిజమే. అదే తనూజ పేరు వచ్చి ఉంటే ఆ నిజం ఎవరికైనా చెప్పేదాన్నా అంటే, చెప్పేదాన్ని కాదు. కజ్జికాయలు చాలా బాగున్నాయి, అదీ నాకు నచ్చలేదు.

బడి లెక్కలోంచి పోకూడదని తిమ్మయ్య సారు ఒక దారి వెతికాడు. జాబితాలో ఉన్నవాళ్లలో సుగ్గికి పోయే మగపిల్లల్ని తనతో బడిలోనే పడుకోబెట్టుకుంటాడు. ఆడపిల్లల్ని టీచర్లు ఇళ్లలో ఉంచుకోవాలి. ఇంగ్లీషు చెప్పే జెస్సీ టీచరు ఇద్దర్ని తీసుకుంది. నా వాటాకు జీవిత వచ్చింది. ఆడపిల్ల ఉన్న ఇల్లు, గదులున్న ఇల్లు అని సారే రాసేశాడు, నన్నడగలేదు.

క్రిస్మస్ అయిన మూడో రోజు పొద్దున సుగ్గి కూలీల టెంపో బయల్దేరింది. తండ్రి జ్ఞానరాజు జీవితను మా గేటు దాకా తెచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"పని చెప్పండి మేడం, ఊరికే కూసోబెట్టద్దండి," అన్నాడు.

పని చెప్పలేదు. వేరే కంచమూ పెట్టలేదు. తనూజ గదిలోనే పడుకోమన్నాను. నేను పాత కాలపు మనిషిని కానని నాకు నేనే చెప్పుకుని మురిసిపోయాను. నాలో ఉన్నది అంతకంటే చిన్న బుద్ధని అప్పటికి తెలియలేదు.

వారం తిరిగేసరికి ఇంట్లో గాలి మారింది. పుట్టిన దగ్గర్నుంచి నేను జడ వేస్తే తప్ప గడప దాటని తనూజ, ఇప్పుడు జీవిత ముందు పీట వేసుకుని కూర్చుంటోంది. మా ఆయన ఓబులేసుకు ఆలూరులో విత్తనాలూ పురుగు మందుల షాపు. పదిహేడేళ్ల కాపురంలో షాపు సంగతులు నాతో నాలుగు ముక్కలు మాట్లాడింది లేదు. అలాంటి మనిషి, గుంటూరు పక్క మిరపకు ఏ మందు ఎన్నిసార్లు కొడతారో, ఏ విత్తనానికి కాయ నిలబడుతుందో, అమ్మానాన్నల వెంట సుగ్గికి పోయొచ్చిన ఆ పిల్లను అడిగి అడిగి చెప్పించుకునేవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? సంత నుంచి జామకాయలు తెస్తే రెండు పొట్లాలు తెచ్చేవాడు. మూడో పొట్లం నాకు ఉండాలని నేనేమీ అనుకోలేదు. అనుకున్నాను, అబద్ధమెందుకు.

కర్నూలు నుంచి నమూనా ప్రశ్నలు పది పంపారు. అన్నీ ఎక్కడో చలిదేశాల సంగతులు. వాటిని చూసి మా నేలకు తగినట్టు ఇంకో ఇరవై నేనే రాశాను. సాయంత్రం బడిలో అందరికీ, ఇంటికొచ్చాక ఈ ఇద్దరికీ ఇచ్చేదాన్ని. పరీక్షే లేని తనూజను ఎందుకు కూర్చోబెట్టావంటే, చెప్పేదేముంది, పక్కపక్కన పెట్టి చూసుకోవడానికే. దేశాలన్నీ చేసే పనే నేను నా వసారాలో చేశాను.

మొదటి రోజు ఒక గ్రాఫ్ ఇచ్చాను. ఆలూరులో బయల్దేరిన బస్సు ఎంతసేపటికి ఎంత దూరం పోయిందో చూపే గీత. నడుమ ఒకచోట గీత పైకి లేవకుండా అడ్డంగా సాగింది. అక్కడ ఏం జరిగిందో రాయమన్నాను. తనూజ "వాలు సున్నా" అని రాసింది. జీవిత "బస్సు పావుగంట నిలబడింది. టీకి గావచ్చు, పంచరు గావచ్చు" అని రాసింది.

"వాలు సున్నా తప్పామ్మా?" అడిగింది తనూజ.

తప్పు కాదు. అడిగింది మాత్రం అది కాదు. ఆ మాట నా నోటికి రాలేదు. రెండూ సరైనవే అని ఇద్దరికీ ఒకటే మార్కు వేశాను.

న్యాయంగా చెప్పాలంటే, సూత్రాలడిగితే జీవిత నీళ్లు నమిలేది. తనూజ గడగడా అప్పజెప్పేది. అలాంటి రోజున నాకు అన్నం రుచిగా ఉండేది. జీవితకు ఒకసారి చెబితే పట్టుకుంటుందని కూడా చూశాను. పట్టుకున్నదాన్ని రాత్రి పుస్తకం మూసేలోపు తిరిగి తనూజకే వేరే దారిలో చెప్పేది. నా కూతురు "ఓ, ఇంతేనా" అనేది. నేను నాలుగేళ్లుగా చెబుతున్నప్పుడు ఆ "ఇంతేనా" ఒక్కసారీ వినలేదు.

జనవరి నడిమి ఆదివారం అది. పొద్దున్నే వసారాలో ఇద్దరికీ కాగితాలిచ్చాను. మా ఆయన పక్కనే పేపరు చదువుకుంటున్నాడు. ఆ రోజు ప్రశ్న నా సొంతం. "ఒక ఊళ్లో ఈ ఏడాది నలభై బోర్లు ఎండిపోయాయి. పక్క ఊళ్లో ఇరవై ఎండిపోయాయి. ఏ ఊళ్లో నీటి కష్టం ఎక్కువ? కారణం రాయండి." జవాబు కూడా ముందే రాసి పెట్టుకున్నాను. మొదటి ఊరు, రెండింతలు కాబట్టి.

తనూజ అచ్చంగా అదే రాసింది. జీవిత కాగితం తీసుకున్నాను. "చెప్పలేము. ఏ ఊళ్లో మొత్తం ఎన్ని బోర్లున్నాయో ఇందులో రాయలేదు."

ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని ఆ రెండు వాక్యాలూ చదివాను. చదివిన మరుక్షణమే తెలిసిపోయింది. ఇరవై ఏళ్ల సర్వీసు నాది. తెలిసీ, తనూజ కాగితం మీద టిక్కు పెట్టి, జీవిత కాగితం మీద ఇంటూ కొట్టాను.

"ఇచ్చినదాన్ని బట్టే రాయల్ల. ఇయ్యనిదాన్ని అడగగూడదు," అన్నాను.

"సరే మేడం," అంది జీవిత.

తనూజ రెండు కాగితాలూ దగ్గర పెట్టుకుని చూసింది. "అమ్మా, జీవిత రాసిందే కరెక్టు గదా. రెండో ఊర్లో ఉండేటివే ఇరవై అయితే?"

మా ఆయన పేపరు దించాడు. "అవును ప్రియా. ఇరవై ఉండి ఇరవై పాయెనంటే తాగేదానికి గూడా ఉండవు. ఏం పాపా, నీకెట్ల తట్టినాది ఇది?"

జీవిత నా వైపు ఒకసారి చూసి చెప్పింది. "మా గేరిలో, ఆ వాడంతట్లోనూ ఎవురికీ బోరు లేదు గదా సారు. ఎవురన్నా వచ్చి మీకు ఎన్ని ఎండిపాయ అని అడిగితే సున్నా అనే చెప్తాము."

ఓబులేసు తొడ మీద చరుచుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఆ మాటనే మళ్లీ తనలో తను అనుకున్నాడు. ఎర్ర సిరా చెరగదు కాబట్టి ఆ ఇంటూ మీదే టిక్కు పెట్టి ఇచ్చాను. జీవిత కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయన, "ఈ పాప యాడికో పోతాది సూడు," అన్నాడు. తనూజ గురించి ఆయన ఎప్పుడూ "మంచి మార్కులొస్తాయి" అనేవాడు, అంతే. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం నాకు ముల్లులా దిగింది. చారు గిన్నె జీవిత వైపు జరపమంటే వినపడనట్టు లేచి లోపలికి వెళ్లిపోయాను.

జనవరి చివర్లో పరీక్ష జరిగింది. కర్నూలు నుంచి ముగ్గురు జీపులో వచ్చి సీలు వేసిన సంచి విప్పారు. పక్కపక్కన కూర్చున్నవాళ్లకు ఒకే ప్రశ్నలు రాకుండా రకరకాల పుస్తకాలు పంచేసరికి, చూసి రాసుకోవడానికి కుదుర్చుకున్నవాళ్లంతా దిగాలు పడ్డారు. నలభైలో ముప్పై ఆరు మంది కూర్చున్నారు. బడి నిలబడింది. రెండు గంటల తర్వాత జీవిత బయటికొచ్చేసరికి తనూజ నీళ్ల సీసా పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఎట్ల రాస్తివే?"

"బాగుండాది. ఒకదాంట్లో గాలిమరలు ఇచ్చినారు. మన కొండ మీద తిరిగేటివే. నేను దినామూ సూసేటివే."

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నా ముందునుంచే నడిచిపోయారు. నేను వెనకాల వచ్చాను. జీపు కదిలాక తిమ్మయ్య సారు కుర్చీలో కూలబడి, "ఇంగ మన పని అయిపాయనమ్మా. ఆ పిల్లోల్లను ఉంచుకుంటారో పంపుతారో మీరూ వాళ్లూ సూసుకోండి," అన్నాడు. జెస్సీ టీచరు తన ఇద్దర్నీ మార్చిలో పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఉంచుకుంటానని అక్కడే చెప్పేసింది. నేను నా సంచి సర్దుకుని ఇంటికి బయల్దేరాను.

మూడో రోజు ఏసుమణి ఫోన్ చేసింది. వెనకాల గాలి హోరు, ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"మేడం, ఆ పరీక్ష అయిపాయ గదా. పాపను ఇంగా నెలన్నర పెట్టుకుంటారా ఎట్ల? పదో తరగతి పరీక్షలు రాస్తే బాగుంటాది అని వాళ్ల నాయన అంటాండాడు. మీకు బరువయితే, మా మేస్త్రి నాగక్క ఇంకొందరు కూలోల్లను తోలుకపోయేదానికి ఊరికొచ్చింది, రేపు మళ్లా ఈడికి వస్తాంది. ఆమెతో పంపిచ్చినా సరే."

వంటగదిలో నిలబడి ఉన్నాను. కిటికీలోంచి చూస్తే పెరట్లో జీవిత తనూజకు జడ వేస్తోంది. తనూజ ఏదో చెబుతుంటే ఆ పిల్ల పక్కున నవ్వి, మళ్లీ చిక్కు తీస్తోంది.

"మీ ఇష్టం ఏసుమణీ," అన్నాను. "మీ పాప, మీ ఇష్టం."

ఆ మాటకు మా పక్క ఒకటే అర్థం. ఉంచుకునే మనసున్నవాళ్లు ఉండనీ అంటారు. ఏసుమణి ఒక సాయం రెండోసారి అడిగే మనిషి కాదని నాకు తెలుసు.

"సరే మేడం. శానా దినాలు సూసుకుంటిరి. మీ రుణం ఉంచుకోములే," అని పెట్టేసింది.

మర్నాడు తనూజకు స్పెషల్ క్లాసు, మా ఆయన షాపులో. నాకు తలనొప్పని సెలవు చీటీ పంపి ఇంట్లో ఉన్నాను. పదింటికి నాగక్క గేటు దగ్గర ఆటో ఆపి పిలిచింది. జీవిత బ్యాగు సర్దుకోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. దుప్పటి మడిచి మంచం మీద పెట్టింది. గడప దగ్గర చెప్పులేసుకుంటూ, "తనూజకు చెప్పండి మేడం," అంది. ఏం చెప్పాలో చెప్పలేదు. తల నిమిరి పంపుదామనుకున్నాను. కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా? చేయి తలుపు మీదే ఉండిపోయింది.

సాయంత్రం తనూజ బ్యాగు దించకముందే అడిగింది. "జీవిత యాడ?"

"వాళ్లమ్మ పిలిపిచ్చుకునింది."

"నువ్వేమంటివి?"

"వాళ్ల ఇష్టం అంటి."

నా కూతురు నన్ను చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. రెంటికీ జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. "పరీక్షలు ఇంగ నెలన్నర గూడా లేవు," అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు నుంచి తన జడ తనే వేసుకుంది, వంకరగా. లెక్కల్లో అనుమానం వస్తే తిమ్మయ్య సారు దగ్గరికి పోయేది. మా ఆయన నన్నేమీ అడగలేదు. సంత నుంచి ఉత్త చేతులతో రావడం మొదలుపెట్టాడు. ఆ పిల్లతో పాటే నా కుళ్లు కూడా ఆటో ఎక్కి పోతుందనుకున్నాను. అది ఇంట్లోనే ఉండిపోయింది, ఎవరిని చూసి కుళ్లుకోవాలో దానికి తెలియలేదు, అంతే.

ఫిబ్రవరి ఆఖర్లో, అధ్యయనంలో పాల్గొన్న బడుల నుంచి ఒక్కొక్క టీచర్ని కర్నూలుకు పిలిచారు. మా బడి తరఫున నేను వెళ్లాను. ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన గోడ మీద బొమ్మలు వేసి తెలుగులోనే ఓపిగ్గా చెప్పాడు. ఫలితాలు రావడానికి ఏడాది పైన పడుతుందట. అప్పుడు కూడా దేశం పేరే ఉంటుంది, బడి పేరు ఉండదు.

వెనక బెంచీలోంచి ఒకాయన అడిగాడు. "నలభై మంది రాస్తే దేశమంతా రాసినట్లు ఎట్లయితాది సార్?"

"ఒక్కొక్క పిల్లకు ఒక బరువుంటుంది సార్," అన్నాడాయన. "పరీక్ష రాసిన ఒక్క పిల్ల తనలాంటి ఇంకో రెండువేల మంది తరఫున రాసినట్టు లెక్క. అందుకే పేరు మార్చొద్దని అంత గట్టిగా చెప్పాం. ఆ పిల్లను తీసేస్తే రెండువేల మందిని తీసేసినట్టే."

"సుగ్గికి పోయేటోల్లను ఆపి కూర్చోబెడితిమి సార్. వాళ్లు ఇప్పుడు ల్యారు. ఏమన్నా రాసి పంపల్లనా?" అన్నాడు ఆ వెనక బెంచీ ఆయనే.

"అవసరం లేదు సార్. ఆ రోజు హాజరైతే చాలు. తర్వాత వాళ్లు బడిలో ఉన్నారా లేదా అన్నది ఈ అధ్యయనంలోకి రాదు."

ఆయన తప్పు మాట ఏమీ అనలేదు. ఆయన పని అంతవరకే. నా పని కూడా అంతవరకేనా అని ఎవరూ నన్నడగలేదు. చేతిలో టీ చల్లారిపోయింది. రెండువేల మంది ఆడపిల్లలు బ్యాగులు సర్దుకుని, దుప్పట్లు మడిచి మంచాల మీద పెట్టి, చెప్పులేసుకుంటున్నట్టు అనిపించి కూర్చోలేకపోయాను. బయటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

"నేను రేపు పొద్దున్నే గుంటూరు పక్క పోతాండా. జీవితను తోలుకొస్తా."

"పో," అన్నాడు. "ఈడ మేం వండుకుంటాములే. తనూజకు చెప్పల్లనా?"

"వద్దు. వస్తాదో రాదో."

ఆ రాత్రి కర్నూలులోనే మా చెల్లెలింట్లో పడుకుని, తెల్లవారుజామున బస్సెక్కాను. వినుకొండ దాటాక, ఆ రోజు గేటు దగ్గర నాగక్క చెప్పిన ఊళ్లో దిగి ఆటో పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. రోడ్డు పక్కన కళ్లాల్లో ఆరబోసిన కాయ ఘాటుకు దగ్గొచ్చింది. చేలో ముప్పై మంది దాకా ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వంగి కోస్తున్నారు. అందరూ ఒకేలా ఉన్నారు. ఏసుమణే ముందు నన్ను గుర్తుపట్టి నడుం ఎత్తింది.

"మేడం, మీరా? ఈడికెట్ల వస్తిరి? ఏమాయ?"

ఆ పక్క సాలులోంచి జీవిత లేచింది. మొహం మీది గుడ్డ కిందికి లాగింది. చేతులకు నూనె పూసుకుని ఉంది, అయినా వేళ్ల సందులు ఎర్రగా ఒరుసుకుపోయాయి. నెల రోజులకే కాస్త పొడుగైనట్టుంది. నన్ను చూసి నవ్వలేదు, కోపంగానూ లేదు. బడిలో సందేహం అడిగే గొంతుతోనే అడిగింది.

"మల్లా ఆ పరీక్ష వచ్చినాదా మేడం?"

చుట్టూ కోస్తున్న చేతులు ఆగాయి. దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. ఆ పిల్ల ఎగతాళి చేయడం లేదు. నేను ఇంత దూరం రావడానికి ఇంకో కారణం ఆమెకు నిజంగానే తోచలేదు.

"లేదు," అన్నాను. "ఈసారి ఎవురూ అడగలేదు. నేనే వచ్చినా. పదో తరగతి పరీక్షలు ఇంగ పద్నాలుగు దినాలుండాయి. హాల్ టికెట్లు వచ్చినాయి, నీదీ వచ్చినాది."

జీవిత తల్లి వైపు చూసింది. ఏసుమణి నా వైపు చూసింది.

"ఆ పొద్దు నేను మీ ఇష్టం అంటి గదా ఏసుమణీ," అన్నాను. "అది నా ఇష్టమే. మీ పాప ముందర నా పాప చిన్నదయితాందని ఓర్చుకోల్యాక అంటి."

అంతమంది ముందు ఆ మాట అంటానని నేననుకోలేదు. నాగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏసుమణి మాత్రం ఆశ్చర్యపోలేదు.

"తెలుసులే మేడం," అంది మెల్లగా. "ఫోన్లోనే తెలిసినాది. పరీక్షలయ్యేదాకా ఉంచుకుంటారా?"

"పరీక్షలైనాక, ఆమైన గూడా. కాలేజీ ఆలూరులోనే గదా."

"దాన్నే అడగండి."

జీవిత సాలు చివరిదాకా చూసింది. ఇంకా సగం పైనే ఉంది.

"ఈ సాలు అయిపోనీ మేడం," అంది. "నడిమిట్ల ఇడిసిపెడితే మాయమ్మ మీద పడతాది."

గుడ్డ మళ్లీ ముక్కు మీదికి లాక్కుని వంగింది. నేను చెప్పులు గట్టు మీద విడిచి, కొంగు బిగించి, అదే సాలులో ఆ కొస నుంచి మొదలుపెట్టాను. పది చెట్లు దాటేసరికి వేళ్లు మండాయి, కళ్లలో నీళ్లు కారాయి. తల ఎత్తి చూస్తే జీవిత అప్పుడే నాకు నాలుగు చెట్ల దూరంలో ఉంది. రెండు చేతులా, ఆకు తెగకుండా, కాయ నలగకుండా కోసుకుంటూ వస్తోంది. నా కూతురికి ఈ చేతులు లేవే అనిపించింది. నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. పుట్టనీలే అనుకుని, మిగిలిన నాలుగు చెట్లలో రెండు తొందర తొందరగా నేనే కోసేశాను.